ముందు పడటం నేర్చుకోవాలి!

మొదటిరోజు పిడికిలి బిగించే అవకాశమే రాకపోవచ్చు. మెత్తటి మ్యాట్ మీద గొంతుక్కూర్చోబెట్టి వెనక్కి పడమంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి. తల నేలకు తగలకూడదు. రెండు చేతులూ పక్కలకు చాచి అరచేతులతో మ్యాట్‌ని గట్టిగా చరచాలి. అలా పదిసార్లు... ఇరవైసార్లు. తర్వాత పక్కకు పడటం, ఆ తర్వాత ముందుకు దొర్లడం. పంచ్‌లూ కిక్‌లూ ఊహించుకుంటూ కొత్త గ్లోవ్స్ కొనుక్కొచ్చిన ముప్ఫై అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇదంతా కాస్త నామోషీగానే ఉంటుంది. కానీ నడక నేర్చే పసివాళ్లు రోజుకి ఎన్నిసార్లు పడతారో చూడండి. పెద్దయ్యాక మనం పడటమే మర్చిపోతాం. అందుకే బాత్‌రూంలో కాలు జారినా చెయ్యి అడ్డుపెట్టి మణికట్టు విరగ్గొట్టుకుంటాం.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్... పొట్టిగా ఎంఎంఏ. బాక్సింగ్ గుద్దులు, ముయ్‌థాయ్‌లోని మోకాలి, మోచేతి దెబ్బలు, కుస్తీ పట్లు, బ్రెజిలియన్ జియుజిట్సులోని మెలికలు- అన్నీ కలిస్తే ఈ ఆట. విజయ్ దేవరకొండ 2022లో 'లైగర్'గా చేసింది ఇదే. అమెరికాలోని పెద్ద పోటీ అయిన యూఎఫ్‌సీలో 2024 జూన్‌లో పూజా తోమర్ గెలిచి, అక్కడ బౌట్ నెగ్గిన తొలి భారతీయురాలయింది కూడా ఇందులోనే. హైదరాబాద్ లాంటి నగరాల్లో దీన్ని నేర్పే జిమ్‌లున్నాయి. సాయంత్రం బ్యాచ్‌ల్లో కాలేజీ కుర్రాళ్ల పక్కనే ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లూ కనిపిస్తారు. వీళ్లలో చాలామందికి బోను లోపలికి వెళ్లే ఉద్దేశమే ఉండదు. పొట్ట తగ్గాలి, ట్రెడ్‌మిల్ విసుగెత్తింది, లేదా చిన్నప్పుడు నాన్న కరాటేకి పంపలేదు. అంతే!

వీపు నేలకి తగిలాకే...

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో యూఎఫ్‌సీ తొలి పోటీ జరిగింది. ఒక్క రాత్రి, ఎనిమిదిమంది. బరువు తరగతుల్లేవు. గెలిచింది ఎవరో కండల వీరుడు కాదు, ఎనభై కిలోలుండే రాయిస్ గ్రేసీ అనే బ్రెజిల్ యువకుడు. ఒక బాక్సర్‌నీ, తనకంటే చాలా బరువున్న మల్లయోధుణ్నీ, ఫ్రెంచి కిక్‌బాక్సింగ్ ఛాంపియన్‌నీ వరసగా ఓడించాడు. ముగ్గురినీ కిందికి లాగి లొంగదీసినవాడే. అది వాళ్ల కుటుంబ విద్య. 1914లో బ్రెజిల్ చేరిన మిత్సుయో మయెదా అనే జపాన్ జూడో వీరుడి నుంచి ఆ ఇంటికొచ్చింది.

కిందపడేసి పట్టు బిగించడం మన తాలింఖానాల్లోనూ ఉన్నదే. అయితే కుస్తీలో వీపు నేలకి తగిలితే ఓడినట్టు. జియుజిట్సులో చాలాసార్లు అసలు ఆట మొదలయ్యేది అక్కడే. మీద కూర్చున్నవాడి బరువు కింద నుంచి తప్పించుకోవడానికి నడుము పైకెత్తడం, రొయ్యలా ముడుచుకుని పక్కకు జరగడం... తొలి నెలంతా ఇదే పని. రెండోరోజు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది, ఒంట్లో ఇన్ని కండరాలున్నాయా అని. బలమంతా వాడేసి, ఊపిరి బిగబట్టి పెనుగులాడినవాళ్లు రెండు నిమిషాలకే చతికిలబడతారు. వాళ్లకి కోచ్‌లు పదేపదే చెప్పే మాట ఒక్కటే... "ఊపిరి తీసుకోండి."

చేత్తో తడితే చాలు

ఈ విద్యలో అన్నిటికంటే ముందు నేర్వాల్సింది ట్యాప్. ఎదుటివాడి ఒంటిమీదో మ్యాట్ మీదో చేత్తో రెండుసార్లు తడితే లొంగిపోయినట్టు. చేతులు దొరక్కపోతే నోటితో 'ట్యాప్' అన్నా చాలు. ఆ క్షణంలోనే అవతలివాళ్లు పట్టు వదిలేయాలి. చెయ్యి మెలిపెట్టినప్పుడు మోచెయ్యి ఎంతవరకు ఓర్చుకుంటుందో ముందుగా చెప్పదు. మెడకు రెండువైపులా రక్తనాళాలు నొక్కే పట్టు సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. పంతానికి పోయి ఓర్చుకోవడంలో వీరత్వమేమీ లేదు. కీలు పోయాక బాధపడేది మనమే.

చెప్పడం తేలికే. ఆఫీసులో పదిమందికి పనులు పురమాయించే మేనేజరు, ఇంట్లో తన మాటే నెగ్గే పెద్దమనిషి- ఆర్నెల్ల ముందు చేరిన యాభై అయిదు కిలోల ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలో సాయంత్రానికి అయిదుసార్లు లొంగిపోవాలి. మర్నాడు మళ్లీ రావాలి. మొదటి నెలలోనే మానేసేవాళ్లని అడిగితే మోకాలు నొప్పనో, టైము లేదనో అంటారు. నొప్పి ఉండే ఉంటుంది... మోకాల్లోనే అని చెప్పలేం.

అలాగని మోకాళ్లని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌కి డబ్బుకీ శిక్షకులకీ కొదవలేదు. 2023 మేలో జియుజిట్సు పోటీల్లో పతకాలు నెగ్గాడు. అదే ఏడాది నవంబరులో ఎంఎంఏ పోటీకి సిద్ధమవుతూ సాధనలో మోకాలి లిగమెంటు తెంచుకుని ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. మరోవైపు వంటల కార్యక్రమాలతో పేరుపొందిన ఆంటొనీ బూర్డెయిన్ అరవైకి దగ్గరపడ్డాక జియుజిట్సులో చేరి, 2016లో తన వయసువాళ్ల విభాగంలో బంగారు పతకమే తెచ్చుకున్నాడు. ముప్ఫై మూడేళ్లకు ఎంఎంఏలోకొచ్చి నలభై మూడేళ్లకు హెవీవెయిట్ టైటిల్ కొట్టిన ర్యాండీ కుటూర్‌నీ జిమ్‌ల్లో ఉదాహరణగా చెబుతుంటారు. దాన్ని మాత్రం నమ్ముకోకండి. ఆయన అంతకుముందే కుస్తీలో ఆరితేరినవాడు. మన పొట్టకూ ఆయన పొట్టకూ పోలికేంటి!

తల ఒక్కటే ఉంటుంది

ఇంట్లోవాళ్లు భయపడేది పగిలిన పెదవి చూసి. నిజంగా భయపడాల్సింది పైకి కనిపించని దెబ్బకి. తలకి గట్టిగా గుద్దు తగిలినప్పుడు మెదడు పుర్రెలో కదిలిపోతుంది. తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, కాసేపటి కిందటి సంగతి గుర్తులేకపోవడం- వీటిలో ఏది కనిపించినా ఆరోజుకి ఆట ఆపేసి డాక్టర్‌ని కలవాలి. ఆయన సరేననేవరకు స్పారింగ్ మాటెత్తకూడదు. తలకి హెడ్‌గార్డ్ ఉందిగా అనుకుంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ లోపలి కుదుపును ఆపలేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2013లో పురుషులకు దాన్ని తీసేశారు కూడా.

పగలు ఉద్యోగం, ఇంటికి ఈఎంఐ ఉన్న మనిషి పూర్తి బలంతో తలమీద కొట్టుకునే స్పారింగ్‌కి దూరంగా ఉంటే పోయేదేమీ లేదు. గుద్దులు ప్యాడ్ల మీద నేర్చుకోవచ్చు. జోడీతో ఆడితే చేతిని తగిలీ తగలనట్టు ఆపొచ్చు. నేలమీది పట్లలో గుద్దులుండవు కాబట్టి అక్కడ ఇంచుమించు పూర్తి శక్తితోనే పెనుగులాడొచ్చు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం... మొదట్లో ఇది చాలు. బీపీ, షుగరు, పాత డిస్కు నొప్పి ఉన్నవాళ్లు చేరేముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

మరి మంచి జిమ్ ఏదని ఎలా తెలుస్తుంది? గోడమీది పతకాల్ని చూసి మాత్రం కాదు. డబ్బు కట్టేముందు ఒక క్లాసంతా ఓ పక్కన కూర్చుని చూడనిమ్మని అడగండి. ఒకరు తట్టగానే రెండోవారు ఎంత త్వరగా వదులుతున్నారు? కొత్తవాళ్లని కోచ్ ఎవరికి జతచేస్తున్నాడు... నిదానం తెలిసిన పాతవాళ్లకా, తమలాగే కంగారుపడే మరో కొత్తవారికా? తొలివారమే 'ఓ రౌండ్ కొట్టుకోండి' అంటే అక్కడినుంచి లేచి వచ్చేయడమే. అమ్మాయిలైతే తమ బరువుకి తగిన జోడీ దొరుకుతారో లేదో కూడా చూసుకోవాలి. క్లాసయ్యాక మ్యాట్లు మందునీళ్లతో తుడుస్తున్నారా అన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, తామర అంటుకుందంటే ఇంటిల్లిపాదికీ తిప్పలే.

సామాన్ల సంగతికొస్తే, మొదటి నెల పెద్దగా ఏమీ కొనక్కర్లేదు. వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు దించుకునే మౌత్‌గార్డ్ ఒకటి, మగవాళ్లకి గార్డ్ ఒకటి చాలు. పోటీల్లో వాడే పల్చటి గ్లోవ్ వంద గ్రాములకి కాస్త ఎక్కువ. దాన్ని చూసి ముచ్చటపడి కొనేస్తుంటారు. సాధనలో గుద్దులాటకు కావాల్సింది దానికి నాలుగింతల బరువుండే, మందపాటి మెత్తదనం ఉన్న బాక్సింగ్ గ్లోవ్. అదీ కోచ్ చెప్పాకే. ఉంగరం, వాచీ, గొలుసు ఇంట్లోనే తీసిపెట్టాలి. చేతిగోళ్లూ కాలిగోళ్లూ ముందురోజు రాత్రే తీసేసుకోవాలి... జోడీగా ఎవరొస్తారో వాళ్లు మొదట చూసేది వాటినే.