సగం తగ్గిస్తాం అంటే, దేంట్లో సగం?

మన సీఎస్ఈ వాళ్ళ ప్లేస్‌మెంట్ ముచ్చట్లలో ఏఎండీ పేరు తప్పకుండా వస్తుంది. హైదరాబాద్‌లో వాళ్ళకి పెద్ద డిజైన్ సెంటర్ ఉంది. 2020తో పోలిస్తే 2030 నాటికి గ్రీన్‌హౌస్ వాయువులను 50 శాతం తగ్గిస్తామని ఆ కంపెనీ మాట ఇచ్చింది. వినడానికి బాగుంది కదా! కానీ ఆ లక్ష్యం పక్కనే "స్కోప్ 1, స్కోప్ 2" అని ఉంటుంది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

స్కోప్ అంటే ఏంటో మా పాతబస్తీ లెక్కలో చెప్తాను. చార్మినార్ దగ్గర ఒక ఇరానీ హోటల్ అనుకోండి. పొయ్యి మీద మండే గ్యాస్ నుంచి వచ్చే పొగ స్కోప్ 1. కరెంటు బిల్లు వెనకాల ఎక్కడో థర్మల్ ప్లాంట్‌లో కాలిన బొగ్గు స్కోప్ 2. పాలు, చక్కెర, ఉస్మానియా బిస్కెట్లు తయారై హోటల్‌కి చేరేదాకా అయ్యే పొగ, అమ్మిన సరుకు వాడినప్పుడు వచ్చేది, ఇదంతా స్కోప్ 3.

ఇప్పుడు వంటకం మాత్రమే రాసిచ్చి, వంట వేరేవాళ్ళ కిచెన్‌లో చేయించే హోటల్‌ని ఊహించండి. దాని స్కోప్ 1, 2 ఎంతుంటాయి? ఆఫీసులో ఏసీలు, లైట్లు, కంప్యూటర్లు అంతే. ఏఎండీ అలాంటి కంపెనీయే. 2009లో తన ఫ్యాక్టరీలను గ్లోబల్‌ఫౌండ్రీస్ పేరుతో విడదీసింది. ఇప్పుడు దాని ముఖ్యమైన చిప్‌లు ఎక్కువగా తైవాన్‌లోని టీఎస్ఎంసీ తయారు చేస్తుంది.

ఆ వంటింట్లో మంట చాలా పెద్దది. తైవాన్ మొత్తం కరెంటులో సుమారు 8 శాతం టీఎస్ఎంసీ ఒక్కటే వాడుతుంది. ఆ కరెంటులో ఎక్కువ భాగం గ్యాస్, బొగ్గు నుంచే వస్తుంది. పైగా సిలికాన్ మీద సన్నని గీతలు చెక్కడానికి, యంత్రాల లోపల శుభ్రం చేయడానికి ఫ్లోరిన్ వాయువులు వాడతారు. వాటిలో కార్బన్ టెట్రాఫ్లోరైడ్ ఒకటి. ఒక కిలో బయటికి పోతే, వందేళ్ళ లెక్కలో 6,500 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. గాలిలో దాదాపు 50,000 ఏళ్ళు ఉంటుంది. అందుకే ఫ్యాబ్‌లలో దాన్ని బయటికి వదలకుండా కాల్చి విడగొట్టే పరికరాలు పెడతారు.

టీఎస్ఎంసీ కూడా మాట ఇచ్చింది. 2050కి నెట్ జీరో, 2040కి మొత్తం పునరుత్పాదక కరెంటు. ఏఎండీ తన తయారీ సప్లయర్లందరికీ 2025 కల్లా ఉద్గారాల లక్ష్యాలు ఉండాలని ఒక లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ సప్లయర్ లక్ష్యం పెట్టుకోవడం వేరు, పొగ తగ్గడం వేరు.

ఇక చిప్ అమ్మిన తర్వాత సంగతి. ఏఎండీ ఎంఐ300ఎక్స్ అనే ఏఐ చిప్ గరిష్ఠంగా 750 వాట్లు తీసుకుంటుంది. ఏడాదంతా ఫుల్ లోడ్‌లో నడిస్తే 6,570 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 4.6 టన్నులు. మన దేశంలో ఒక మనిషి సగటు ఏడాదికి 2 టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క చిప్, ఇద్దరు మనుషుల కంటే ఎక్కువ! ఇది ఆ 50 శాతం లక్ష్యం లెక్కలోకి రాదు.

ఏఎండీ ఏం చేయట్లేదని కాదు. 2020 నుంచి 2025 లోపు ఏఐ, సూపర్ కంప్యూటింగ్ పనుల్లో 30 రెట్లు ఎనర్జీ ఎఫిషియన్సీ తెస్తామంది, దాన్ని దాటేశామని 2025లో ప్రకటించింది. మన ఫీల్డ్‌లో ఇది నిజంగా గొప్ప ఇంజనీరింగ్. కానీ బండి మైలేజ్ పెరిగిందని ఇంటికి నాలుగు బండ్లు కొంటే పెట్రోల్ ఖర్చు తగ్గుతుందా? తర్వాత వచ్చిన ఎంఐ355ఎక్స్ ఒక్కటే 1,400 వాట్లు తీసుకుంటుంది.

దీనికీ పాతబస్తీకీ ఏం సంబంధం అంటారేమో. 2020 అక్టోబర్ వరదల్లో ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. కబ్జా అయిన నాలాలు, చెరువులు అందుకు పెద్ద కారణం, అది ఏ చిప్ కంపెనీ తప్పూ కాదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అదే కుండపోతగా పడుతుంది. ఎండాకాలంలో రేకుల ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. చిప్ జీతాలు హైటెక్ సిటీ వైపు, నీళ్ళు మాత్రం మా వైపు.

రేపు మనలో కొంతమంది ఆ ఆఫీసుల్లోనే కూర్చుంటాం. ఏ కంపెనీ రిపోర్ట్ చదివినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఏ స్కోప్? ఏ సంవత్సరంతో పోల్చి? తగ్గేది మొత్తం పొగా, లేక ఒక్కో లెక్కకు అయ్యే కరెంటా? ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్‌లో చివర "ఎనీ క్వశ్చన్స్?" అంటారు కదా, ప్యాకేజీ ఎంత అని అడిగాక ఇది కూడా అడగొచ్చు.