స్నేహం కట్టిన బాణీ

నాగాయలంకలో ఒక జుమా నమాజు ముగిశాక ఓ తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచారు. "మౌల్వీసాబ్, మావాడు బడిలో ఇద్దరు నేస్తాలతో కలిసి పాటకు బాణీ కట్టాడు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయినవాళ్ల మీద పాట. శివరంజని రాగమట. మెచ్చుకోమంటారా, మందలించమంటారా?" అని అడిగారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

సంగీతం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నమాట నిజం. వాద్యాలు కూడదన్నవారు చాలామంది. అయితే ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు దఫ్ వాయిస్తూ పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) వారించబోయారనీ, దైవప్రవక్త (స) పాడనివ్వమన్నారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూముద్దీన్'లో ఈ విషయానికి ఒక భాగమే కేటాయించారు. పాటలోని మాటను, వినేవాడి మనసును, సందర్భాన్ని చూసి మంచిచెడ్డలు నిర్ణయించాలన్నది ఆయన వాదన సారం. మద్యపు సభల వాద్యాలను ఆయనా కాదన్నారు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. కాని బాణీ ఎలా పుడుతుందో చెప్పగలం.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం విజయనగరం వెళ్లారు. చేతిలో డబ్బు లేదు. పట్రాయని సీతారామశాస్త్రి ఫీజు లేకుండా చదువు చెప్పారు. ఊళ్లో ఇంటింటా మధుకరం ఎత్తుకుని ఆ కుర్రవాడు కడుపు నింపుకున్నాడు. ఆ గురువుగారి కుమారుడు సంగీతరావు తర్వాత మద్రాసులో ఘంటసాలకు కుడిభుజమై, ఏళ్ల తరబడి ఆయన పక్కన హార్మోనియం వాయించారు. 1974లో ఘంటసాల కన్నుమూశాక సంగీతరావు వెంపటి చినసత్యం గారి కూచిపూడి ఆర్ట్ అకాడమీలో చేరి, నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. సాహిత్యం ఒకరిది, స్వరం ఒకరిది, అడుగు ఒకరిది. 2021లో, నూరేళ్లు నిండాక ఆయన వెళ్లిపోయారు. విజయనగరంలో ఏ ఇల్లాలో పెట్టిన పిడికెడు అన్నం ఎన్ని పాటలైందో లెక్కకట్టగలమా?

ఆ చినసత్యం గారి ఊరు మనకు దూరం కాదు. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి దాటితే కూచిపూడి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా ఆ ఊరి ఆట చూసి సంతోషించి, ఊరినే భాగవతుల కుటుంబాలకు ఇనాముగా ఇచ్చాడని చెబుతారు. పక్కనే క్షేత్రయ్య ఊరుగా చెప్పుకునే మొవ్వ. గోల్కొండ పాదుషా ఎదుట పదిహేను వందల పదాలు చెప్పినట్టు ఆయన తన పదంలోనే చెప్పుకున్నాడు. పదం చెప్పినవాడు గోపాలుడి భక్తుడు. విన్నవాడు కల్మా చదివిన పాదుషా. ఒకరి విశ్వాసం ఒకరికి అడ్డురాలేదు.

మరుసటి జుమాకు ఆ తండ్రితో మేము ఇలా అన్నాం: "భాయ్, పాటలో మాట తౌహీద్‌కు విరుద్ధంగా ఉందేమో చూడండి. నమాజు వేళ తప్పనివ్వకండి. ఈ రెండూ సరిగా ఉంటే, వాయిద్యం సంగతి మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. కాని ఆ నేస్తాలను మాత్రం ఇంటికి పిలవండి. ఉప్పెన వచ్చినప్పుడు నీళ్లు ఎవరి మతమూ అడగలేదు. పోయినవాళ్ల కోసం ముగ్గురు పిల్లలు కలిసి ఏడవగలిగారంటే, పొరుగువాడి హక్కు వాళ్లకు మనకన్నా బాగా తెలిసినట్టే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న ఆ ఉప్పెనలోనే పోయారు మౌల్వీసాబ్. పాటలో ఆయన పేరుందట. నేనింకా వినలేదు" అన్నారు.

వెళ్లి వినమన్నాం.

మన పిల్లల స్నేహాలను అల్లాహ్ చల్లగా కాపాడుగాక! ఆమీన్.