దిక్కు తప్పితే డ్రోన్‌ దారి తప్పినట్లే!
గోరంత చిప్‌పైనే గమనమంతా
అమర్చే చోటే అసలు కీలకం

కళాశాల ప్రయోగశాలలో బల్లపై ఉన్నంతసేపూ డ్రోన్‌ ఉత్తర దిక్కును సరిగానే చూపుతుంది. మైదానంలో మోటార్లు తిరిగి పైకి లేచిన మరుక్షణం ఒకచోట నిలవక వలయాలు తిరగనారంభిస్తుంది. ప్రాజెక్టు గడువు ముంచుకొస్తున్న వేళ దోషమంతా ప్రోగ్రాములోనే ఉందని భావించి విద్యార్థులు రాత్రులు వృథా చేసుకుంటారు. చాలా సందర్భాలలో లోపం దిక్కును తెలిపే మాగ్నెటోమీటరు సెన్సర్‌ వద్ద, దాని పక్కనుంచి సాగే తీగల వద్ద ఉంటుంది. పురుగుమందు చల్లే డ్రోన్లు పొలాలకు చేరిన నేటి రోజుల్లో ఈ విషయం రైతులకూ అవసరమైనదే.

జీపీఎస్‌ ఉండగా ఇదెందుకు?
డ్రోన్‌ ఎక్కడున్నదీ జీపీఎస్‌ చెబుతుంది. గాలిలో కదలక నిలిచినప్పుడు ఎటు తిరిగి ఉన్నదీ చెప్పలేదు. ఆ పని మాగ్నెటోమీటరుది. ఇది భూ అయస్కాంత క్షేత్రాన్ని మూడు అక్షాలలో కొలిచి అంకెలుగా అందిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ క్షేత్ర తీవ్రత 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో సుమారు 40. ఇంత బలహీనమైన క్షేత్రాన్ని చెదరగొట్టడానికి చిన్న ఇనుప మేకు చాలు.

పేరొకటి.. చిప్‌ మరొకటి
హనీవెల్‌ సంస్థ రూపొందించిన హెచ్‌ఎంసీ 5883ఎల్‌ చిప్‌ ఒకప్పుడు ప్రాజెక్టులలో విరివిగా వాడుకలో ఉండేది. దాని తయారీ నిలిచిపోయింది. జీవై-271 పేరిట దొరికే పలకలపై ఇప్పుడు తరచుగా క్యూఎంసీ 5883ఎల్‌ అనే వేరొక చిప్‌ ఉంటోంది. పేర్లు దగ్గరగా ఉన్నా లోపలి అమరిక భిన్నం. మొదటిదాని చిరునామా 0ఎక్స్‌1ఇ కాగా, రెండోదానిది 0ఎక్స్‌0డీ. మొదటిది ఎక్స్‌, జెడ్‌, వై క్రమంలో విలువలు ఇస్తే, రెండోది ఎక్స్‌, వై, జెడ్‌ క్రమంలో ఇస్తుంది. ఒకదానికి రాసిన ప్రోగ్రాము మరొకదానికి పనికిరాదు. అందువల్ల ముందుగా చిరునామాను వెతికే చిన్న ప్రోగ్రాము నడిపి, చేతిలో ఉన్నది ఏ చిప్పో తేల్చుకోవాలి.

తీగలే శత్రువులు
20 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించే ఒంటి తీగ తన నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 40 మైక్రోటెస్లాల క్షేత్రాన్ని కలిగిస్తుంది. అంటే భూమి క్షేత్రంతో సమానం. 2 సెంటీమీటర్ల దూరంలోనైతే అది అయిదు రెట్లు. మోటార్లు ఆగి ఉన్నప్పుడు సరిగా ఉన్న దిక్కు, ఎగరగానే మారిపోవడానికి కారణం ఇదే. బ్యాటరీ నుంచి వెళ్లే రెండు తీగలను కలిపి మెలివేస్తే వాటి క్షేత్రాలు చాలావరకు పరస్పరం రద్దవుతాయి. సెన్సర్‌ను మోటార్లకు, విద్యుత్‌ తీగలకు దూరంగా చిన్న స్తంభంపై అమర్చడం మేలు.

సరిచూసే విధానం
సెన్సర్‌ను అన్ని వైపులకూ నెమ్మదిగా తిప్పుతూ ప్రతి అక్షంలో గరిష్ఠ, కనిష్ఠ విలువలు నమోదు చేయాలి. ఒక అక్షంలో గరిష్ఠం 600, కనిష్ఠం మైనస్‌ 200 వచ్చాయనుకుంటే వాటి సగటు 200. ఆ అక్షం చూపే ప్రతి విలువ నుంచి 200 తీసివేయాలి. పలకకు దగ్గరలోని మరలు, అయస్కాంతాల వల్ల కలిగే స్థిరమైన దోషం దీంతో తొలగిపోతుంది. ట్రాక్టరు, ఇనుప మంచం, ఇనుప చువ్వలున్న కాంక్రీటు కప్పు సమీపంలో ఈ పని చేయరాదు. జేబులోని సెల్‌ఫోన్‌, తాళంచెవులు సైతం దూరంగా పెట్టాలి.

పలక వాలితే దిక్కు లెక్క తప్పుతుంది. వాలును కొలిచే యాక్సెలరోమీటరును జతచేసి ఆ తేడాను సవరించాలి. అయస్కాంత ఉత్తరానికీ భౌగోళిక ఉత్తరానికీ మధ్య ఉండే భేదం మన ప్రాంతంలో స్వల్పమే గనుక అది పెద్ద చిక్కు కాదు.

ఎగరేసే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. అధ్యాపకుల పర్యవేక్షణలో డ్రోన్‌ను నేలకు గట్టిగా కట్టి, మోటార్ల వేగం క్రమంగా పెంచుతూ దిక్కు విలువను గమనించాలి. వేగంతోపాటు దిక్కు కూడా మారుతుంటే ఎగరేయరాదు. సెన్సర్‌ను మరింత దూరం జరిపి మళ్లీ పరీక్షించాలి. నేలపై పది నిమిషాల ఓపిక, వేల రూపాయల యంత్రాన్ని, దాని కింద నిలబడే మనుషులను కాపాడుతుంది.