వీసా నిరాకరింపబడిన విద్యార్థి మరల దరఖాస్తు చేయుట

అరకు, పాడేరు కొండలలోని గిరిజన యువకులకు విదేశ విద్య నేడు అసాధ్యము కాదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ యేటేటా 20 మందికి విదేశీ విద్యార్థివేతనము లిచ్చుచున్నది. అయితే సీటు దొరకియు, హైదరాబాదులోని అమెరికా కాన్సలేటులో వీసా నిరాకరింపబడినచో ఇంటిల్లపాదియు దిగులు చెందుదురు.

ఇట్టి నిరాకరణలు పెక్కు 1952 నాటి అమెరికా వలస చట్టము 214(బి) విభాగము క్రిందివి. చదువు ముగియగనే విద్యార్థి స్వదేశమునకు మరలునని అధికారికి నమ్మకము కుదరలేదని సాధారణముగా దీని భావము. ఇది శాశ్వత నిషేధము కాదు. అప్పీలు లేదు గాని మరల దరఖాస్తు చేయవచ్చును. దరఖాస్తు రుసుము తిరిగి చెల్లింపవలెను. సెవిస్ రుసుము మాత్రము, 12 నెలలలోపు అదే తరగతి వీసాను కోరినచో, మరల అక్కరలేదు.

పాత కాగితములనే తిరిగి చూపిన ఫలమేమి? ఈ చదువు ఎందులకు, ఖర్చు నెవరు భరింతురు, తిరిగి వచ్చి చేయున దేమి అను ప్రశ్నలకు విద్యార్థి దళారి నేర్పిన పాఠము గాక తన మాటలలో జవాబు చెప్పవలెను. విద్యార్థివేతనపు ఉత్తరువున్నచో ఖర్చు ప్రశ్నకు అదియే గట్టి సమాధానము.

పంచాయతీ సభ్యులు జాగ్రత్త వహింపవలసిన దిచ్చటనే. లేని ఆస్తిని ఉన్నట్లు ఎవరికిని వ్రాసి ఇయ్యరాదు. దొంగపత్రము బయటపడినచో శాశ్వత నిషేధమే రావచ్చును. మొదటి నిరాకరణను దాచుటయు తగదు; దరఖాస్తులోనే ఆ ప్రశ్న కలదు. ఇక దళారి రుసుముకై పొలము నమ్మజూచు తండ్రికి ఒక మాట చెప్పుడు: 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970 నాటి సవరణల ప్రకారము ఏజెన్సీ భూమిని గిరిజనేతరునకు అమ్మిన చెల్లదు.