స్మార్ట్‌వాచీలో ఏ వెర్షన్ కొనాలి? అపోహలు – వాస్తవాలు

కొత్తవలస జంక్షన్‌లో పొద్దున్నే విశాఖ బండి కోసం నిలబడ్డవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లేవాళ్లున్నారు, ఆఫీసు ఉద్యోగులున్నారు. చాలామంది చేతికి స్మార్ట్‌వాచీ కనిపిస్తుంది. కొననివాళ్లు కొనాలనుకుంటున్నారు. కొనేముందు అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఒకే మోడల్లో బ్లూటూత్ వెర్షన్, ఎల్‌టీఈ వెర్షన్, చిన్న డయల్, పెద్ద డయల్, అల్యూమినియం, టైటానియం అని ఇన్ని రకాలు పెడితే మనకు పనికొచ్చేది ఏది?

దీనికి షాపులో ఒక జవాబు, స్నేహితుల దగ్గర ఇంకో జవాబు దొరుకుతాయి. వాటిలో సగం అపోహలే. వాటిని నమ్మితే డబ్బు వృథా అవుతుంది. ఆరోగ్యం విషయంలో నమ్మితే అంతకంటే పెద్ద నష్టమే జరుగుతుంది. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: ఖరీదైన వెర్షన్ అయితే గుండె లెక్క ఇంకా కచ్చితంగా చూపిస్తుంది.

వాస్తవం: ఒకే మోడల్లోని రకాల మధ్య ధర తేడా ఎక్కువగా కేసు, గాజు, నెట్‌వర్కు సదుపాయాల వల్ల వస్తుంది. వెనుకవైపు సెన్సర్ సాధారణంగా అన్నిటికీ ఒకటే. అది చర్మం మీద పచ్చని వెలుతురు వేస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగొచ్చే వెలుతురులో మార్పును బట్టి వాచీ లెక్క కడుతుంది. అల్యూమినియం కేసు బదులు టైటానియం కేసు వేసినంత మాత్రాన ఈ లెక్క మారదు.

తేడా వచ్చేది నాసిరకం వాచీకీ మంచి వాచీకీ మధ్యే. షాపులోనే ఒక పరీక్ష చేయవచ్చు. వాచీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, వెలుతురు పక్కల నుంచి బయటపడకుండా పెట్టుకోండి. నిమిషం పాటు మెడ దగ్గర నాడి లెక్కపెట్టి వాచీ అంకెతో పోల్చండి. చేతి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్లకు ఆ సిరా వెలుతురును అడ్డుకుంటుంది. అలాంటివాళ్లు పచ్చబొట్టు లేని చేతికి పెట్టుకోవడం మంచిది.

అపోహ 2: ఎల్‌టీఈ వెర్షన్ ఉంటే ఎక్కడున్నా ఫోన్ కలుస్తుంది.

వాస్తవం: బ్లూటూత్ కాలింగ్ ఉన్న వాచీలో మాట్లాడేది వాచీలోనే అయినా, కాల్ వెళ్లేది జేబులోని ఫోన్ సిమ్ మీదుగా. ఫోన్ ఇంట్లో మరిచిపోతే కాల్ లేదు. ఎల్‌టీఈ వెర్షన్లో ఈ-సిమ్ ఉంటుంది కాబట్టి ఫోన్ లేకపోయినా అదే నంబరుతో మాట్లాడవచ్చు. మన దేశంలో 2018లో యాపిల్ వాచీతో జియో, ఎయిర్‌టెల్ ఈ సేవ మొదలుపెట్టాయి. మామూలుగా ఫోన్లో ఏ కంపెనీ సిమ్ ఉందో వాచీకీ అదే కంపెనీ సేవ తీసుకోవాలి.

అయితే టవర్ లేనిచోట ఎల్‌టీఈ కూడా ఏమీ చేయలేదు. మన కొత్తవలస నుంచే మొదలయ్యే కిరండూల్ రైలు మార్గాన్ని చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది. అరకు వెళ్లేలోగా ఎన్నో సొరంగాలు వస్తాయి. సొరంగంలో ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే వాచీకీ ఉండదు. వాచీలోని యాంటెన్నా ఫోన్‌ కంటే చిన్నది, బ్యాటరీ కూడా చిన్నదే. సొంతంగా నెట్‌వర్కు పట్టుకునేటప్పుడు ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది.

మరి ఎల్‌టీఈ ఎవరికి? ఫోన్ లేకుండా పరుగుకు వెళ్లేవాళ్లకు, పనిచేసే చోట ఫోన్ పట్టుకోవడం కుదరనివాళ్లకు, పడిపోతే వెంటనే కబురు అందాల్సిన వయసు మళ్లినవాళ్లకు. ఫోన్ ఎప్పుడూ జేబులోనే ఉంచుకుని పెందుర్తి, విశాఖ తిరిగేవాళ్లకు బ్లూటూత్ వెర్షన్ చాలు.

అపోహ 3: ఏ వాచీ అయినా ఏ ఫోన్‌తోనైనా పనిచేస్తుంది.

వాస్తవం: కొనేముందు చూడాల్సిన మొదటి విషయం ఇదే. యాపిల్ వాచీ ఐఫోన్‌తోనే జతవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లకు దాన్ని మొదలుపెట్టడం కూడా కుదరదు. శాంసంగ్‌లో 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి ఐఫోన్‌కు మద్దతు తీసేశారు. ఆ వాచీల్లోని ఈసీజీ యాప్ కావాలంటే ఫోన్ కూడా శాంసంగ్‌దే ఉండాలి. వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో వాచీ నడుస్తుంది గానీ ఆ సదుపాయం అందదు. దుబాయ్‌ నుంచో అమెరికా నుంచో బంధువులు బహుమతిగా తెస్తున్నప్పుడు, "అన్నయ్యా, నాది ఆండ్రాయిడ్ ఫోను" అని ముందే చెప్పడం ఇద్దరికీ మంచిది.

అపోహ 4: పెద్ద డయల్ అయితేనే మంచి వెర్షన్.

వాస్తవం: డయల్ పెద్దదైతే అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి, బ్యాటరీ కాస్త పెద్దది పడుతుంది. అంతవరకు నిజం. కానీ సన్నని మణికట్టు మీద 45, 46 మిల్లీమీటర్ల వాచీ కుదురుగా కూర్చోదు. చెయ్యి తిప్పినప్పుడల్లా పక్కకు జారుతుంది. సెన్సర్ చర్మానికి ఆనకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. పట్టీ తగిలించే రెండు కొసలూ మణికట్టు వెడల్పు దాటి బయటకు రాకుండా ఉంటే ఆ సైజు మీకు సరిపోయినట్టు. ఆడవాళ్లకు, పదిహేనేళ్ల పిల్లలకు 40, 41 మిల్లీమీటర్ల రకమే ఎక్కువగా కుదురుతుంది. గాజులు వేసుకునే చేతికైతే గాజుల తాకిడికి తెర మీద గీతలు పడతాయి. ఇది కూడా ఆలోచించుకుని ఏ చేతికి పెట్టుకోవాలో నిర్ణయించుకోండి.

అపోహ 5: వాచీ ఉంటే షుగరు, బీపీ పరీక్షలు అక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇది. చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా షుగరు కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ అనుమతి ఇవ్వలేదని, అలాంటివి వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చేతికి అతికించుకునే సన్నని సూది సెన్సర్ కొలిచిన షుగరు అంకెను వాచీ తెర మీద చూపించడం వేరే సంగతి. అక్కడ కొలిచేది సూది, వాచీ కాదు. రెండు వేల రూపాయల వాచీ "షుగర్ 110" అని చూపిస్తే, ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చితే ప్రాణాల మీదికి వస్తుంది.

బీపీ సంగతీ అంతే. కొన్ని దేశాల్లో అనుమతి పొందిన శాంసంగ్ వాచీలను కూడా చేతి పట్టీ బీపీ మిషన్‌తో 28 రోజులకోసారి సరిచూసుకోవాలని ఆ కంపెనీయే చెబుతుంది. పట్టీలోనే గాలితిత్తి ఉండి, అది ఉబ్బి బీపీ కొలిచే వాచీలు ఉన్నాయి కానీ అవి అరుదు. పచ్చ లైటు ఒక్కదానితో బీపీ చెప్పే చవక వాచీ అంకెను చూసి మాత్ర మానేయడం గానీ, పెంచడం గానీ చేయొద్దు. ఆక్సిజన్ లెక్కనూ గుడ్డిగా నమ్మొద్దు. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టే ఆక్సిమీటర్లలోనే చామనఛాయ, నల్లని చర్మం మీద ఆక్సిజన్ అంకె తప్పే వీలుంది. మణికట్టు మీద ఆ వీలు ఇంకా ఎక్కువ.

అపోహ 6: ఈసీజీ వెర్షన్ గుండెపోటును ముందే పట్టేస్తుంది.

వాస్తవం: ఆసుపత్రిలో తీసే ఈసీజీ గుండెను 12 కోణాల నుంచి చూస్తుంది. వాచీది ఒకే కోణం. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లక్షణాలను అది గుర్తించగలదు. అది నిజంగా ఉపయోగపడే పనే. గుండెపోటును మాత్రం అది గుర్తించదు. ఆ సంగతి యాపిల్ తన యాప్‌లోనే రాసి పెట్టింది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉన్నప్పుడు వాచీ "అంతా మామూలే" అన్నా ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి.

అపోహ 7: వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే స్నానానికి, సముద్రానికి భయం లేదు.

వాస్తవం: ఐపీ68 అనేది దుమ్ము, మంచినీళ్ల నుంచి రక్షణకు గుర్తు. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పిన షరతు మీద ఆధారపడుతుంది. 5 ఏటీఎం అంటే కదలని నీటిలో 50 మీటర్ల లోతు ఒత్తిడిని తట్టుకున్నదని. 50 మీటర్ల లోతుకు దూకవచ్చని దానర్థం కాదు. లోతు తక్కువ నీటిలో ఈతకు అది సరిపోతుంది. వానలో తడిసి బండి ఎక్కడానికి ఈ రెండిట్లో ఏదైనా చాలు.

లోపలికి నీరు రాకుండా ఆపేది చిన్న రబ్బరు సీలు. సబ్బు, షాంపూ, వేడినీళ్ల ఆవిరి, ఉప్పునీరు దాన్ని క్రమంగా పాడు చేస్తాయి. రుషికొండ బీచ్‌లో మునిగివస్తే వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్నానానికి ముందు తీసి పక్కన పెట్టండి. నీళ్ల వల్ల పాడైన వాచీకి వారంటీ చాలాసార్లు వర్తించదు.

అపోహ 8: డబ్బా మీద 7 రోజులు, 10 రోజులు అని ఉంటే అన్ని రోజులూ వస్తుంది.

వాస్తవం: ఆ లెక్క జీపీఎస్ ఆపి, తెర ఎప్పుడూ వెలగకుండా, కాల్స్ తక్కువగా మాట్లాడితే వచ్చేది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచినా ఎనిమిది గంటలు పడుతుంది. అంతసేపు జీపీఎస్ ఆన్ చేసి ఉంచితే కొన్ని వాచీలు దారిలోనే ఆగిపోతాయి. జీపీఎస్ నడిచేటప్పుడు ఎన్ని గంటలు వస్తుందో విడిగా అడిగి తెలుసుకోండి.

సొంత జీపీఎస్ ఉందా, ఫోన్ జీపీఎస్‌ను వాడుకుంటుందా అన్నదీ అడగండి. "జీపీఎస్ సపోర్ట్" అని రాసిన కొన్ని వాచీల్లో అది ఫోన్ నుంచే వస్తుంది. జీపీఎస్ లాగే దారి చూపే మన దేశపు నావిక్ ఉపగ్రహ వ్యవస్థలో 2023 మే 29న శ్రీహరికోట నుంచి పంపిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం ఎల్1 సంకేతాలను మొదలుపెట్టింది. వాచీల వంటి చిన్న పరికరాలకు కూడా నావిక్ అందడానికి వేసిన అడుగు అది.

ఎండనూ లెక్కలోకి తీసుకోండి. మామూలు యాపిల్ వాచీలను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని కంపెనీ చెబుతుంది. మన వేసవి ఆ గీత తేలిగ్గా దాటుతుంది. ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు మీద వాచీ వదిలేస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

అపోహ 9: సఫైర్ గాజు వెర్షన్ అయితే పగలదు.

వాస్తవం: సఫైర్ గీతలు పడకుండా కాపాడుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 9. ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7, మన భీమిలి తీరపు ఇసుకలో ఉండే గార్నెట్‌ది ఇంచుమించు అంతే. మామూలు గాజును గీసే ఈ ఇసుక సఫైర్‌ను గీయలేదు. కానీ రాతి నేల మీద పడితే సఫైర్ కూడా పగులుతుంది. ఇనుము, రాయి, ఇసుకతో పనిచేసేవాళ్లకు సఫైర్ మీద పెట్టిన డబ్బు దక్కుతుంది. బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లకు మామూలు గాజు మీద రక్షణ పొర అతికిస్తే సరిపోతుంది. కొన్ని యాపిల్ మోడళ్లలో టైటానియం కేసు ఎల్‌టీఈతో కలిపే వస్తుంది. అంటే కేసు నచ్చి కొన్నవాళ్లు వాడని నెట్‌వర్కుకు కూడా డబ్బు కడుతున్నట్టే.

అపోహ 10: ఫస్ట్ కాపీ అయినా పనిచేస్తుంది కదా.

వాస్తవం: "అల్ట్రా" పేరుతో రెండు మూడు వేలకు దొరికే ఫస్ట్ కాపీలు చూడటానికి అచ్చం అసలు వాటిలాగే ఉంటాయి. లోపల సెన్సర్లు, బ్యాటరీ నాణ్యతకు పూచీ ఎవరూ ఉండరు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావు. మీ ఆరోగ్య సమాచారం ఎవరిదో తెలియని యాప్‌కు వెళ్తుంది. అదే ధరకు పేరున్న భారతీయ బ్రాండు వాచీని బిల్లుతో, ఏడాది వారంటీతో కొనవచ్చు. అంకెల మీద పెద్ద ఆశ పెట్టుకోకుండా నోటిఫికేషన్లకు, అడుగుల లెక్కకు వాడితే అవి చక్కగా ఉపయోగపడతాయి.

అపోహ 11: రాత్రి పెట్టుకుని పడుకుంటే రేడియేషన్.

వాస్తవం: వాచీల్లోని బ్లూటూత్ శక్తి కొన్ని మిల్లీవాట్లే, మొబైల్ ఫోన్ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వెలువరిస్తుంది. ఇది కణాలను చీల్చే రకం రేడియేషన్ కాదు. రాత్రి పూట నిజమైన ఇబ్బంది చెమట, సబ్బు పట్టీ కింద నిలిచి చర్మం ఎర్రబడటం. రోజూ పట్టీ కడిగి, ఆరాక, కాస్త వదులుగా పెట్టుకోండి.

కాబట్టి ఈ వరుసలో నిర్ణయించుకోండి. ముందు మీ ఫోన్‌కు ఏ వాచీ జతవుతుందో చూడండి. తర్వాత మణికట్టుకు సరిపడే సైజు. ఫోన్ లేకుండా ఎంతసేపు గడుపుతారో లెక్క వేసుకుని బ్లూటూత్ కావాలో ఎల్‌టీఈ కావాలో తేల్చుకోండి. ఆ కంపెనీ సర్వీసు సెంటర్ విశాఖలోనో విజయనగరంలోనో ఉందో లేదో కనుక్కోండి. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. చెప్పినదొకటి ఇచ్చినదొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

మనలో ఎక్కువమందికి రోజువారీ వాడకానికి సరైన సైజు బ్లూటూత్ వెర్షనే చాలు. ఎల్‌టీఈకో టైటానియంకో పెట్టాలనుకున్న అదనపు డబ్బు మిగిలితే, దాంట్లో కొంత పెట్టి ఇంట్లో అమ్మకో నాన్నకో జబ్బకు పట్టీ చుట్టే మంచి బీపీ మిషన్ కొనండి. ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చులో ముందుగా పెట్టాల్సింది దాని మీదే.