గ్యాస్ గీజరు మొరాయించినపుడు

మార్గశిర, పుష్య మాసములలో సంగారెడ్డి జిల్లా ప్రజలకు చలి క్రొత్త కాదు. కోహీరు చలి ఏటేటా వార్తాపత్రికల కెక్కుచుండును. పూర్వము ఇంటింటి పెరటిలోను నీళ్ళపొయ్యి, దానిపై మసిబారిన కాగు ఉండెడివి. నాలుగు కందికట్టెలు ఎగదోసినచో ఇంటిల్లిపాదికి నీళ్ళు కాగెడివి. నేడు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములలో పెరడు లేని ఇండ్లే ఎక్కువైనవి. తెల్లవారుజామున షిఫ్టునకు పోవలసిన కార్మికునకు పొయ్యి రాజేయు తీరిక లేదు. అందుచే స్నానపుగది గోడకు తగిలించు గ్యాస్ గీజరు వాడుకలోనికి వచ్చినది.

ఇంగ్లండు వంటి చలిదేశములందు గ్యాసుతో నడచు బాయిలరు ఇల్లంతటిని వెచ్చబరచును. మనకు అంత అవసరము లేదు, రెండు బకెట్ల వేడినీరు చాలును. అయినను రెండింటి సూత్రమొక్కటే. గ్యాసు మండవలెను, రాగి గొట్టములోని నీరు వేడెక్కవలెను, మండగా మిగిలిన వాయువులు బయటికి పోవలెను. ఈ మూడవదానినే మనము తరచుగా మరచుచున్నాము.

గీజరు పనిచేయు విధము తెలిసినయెడల దాని చెడుగులను కనిపెట్టుట కష్టము కాదు. కుళాయి విప్పగనే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదలి ఒక స్విచ్చిని నొక్కును. రెండు బ్యాటరీ సెల్లుల బలముతో టిక్ టిక్ మని నిప్పురవ్వలు పుట్టును. గ్యాసు కవాటము తెరచుకొని బర్నరు వెలుగును. మంట తగిలినట్లు ఒక సన్నని లోహపు పుల్ల గుర్తించిననే కవాటము తెరచియుండును, లేనిచో కొద్ది క్షణములలో మూసికొనును.

టిక్ టిక్ శబ్దమే రానిచో మొదట సెల్లులను మార్చి చూడవలెను. మెకానిక్కును పిలిపించిన వారిలో పలువురి రోగము ఇదియే! సెల్లులు క్రొత్తవైనను శబ్దము రాకున్న, నీటి ఒత్తిడి చాలలేదన్నమాట. మిద్దెపై ట్యాంకు గీజరునకు తగినంత ఎత్తున లేకపోవచ్చును, లేదా నీరు లోనికి వచ్చుచోట నుండు జల్లెడలో ఇసుక చేరియుండవచ్చును. గ్యాసును, నీటిని కట్టివేసి జల్లెడను విప్పి కడుగుకొనవచ్చును.

శబ్దము వచ్చియు మంట రానియెడల సిలిండరు ఖాళీ అయినదేమో, రెగ్యులేటరు తిప్పలేదేమో చూడవలెను. సిలిండరు మార్చిన వెంటనే గొట్టములో గాలి నిలిచియుండును గనుక రెండు మూడు సార్లు ప్రయత్నింపవలసి వచ్చును. అయితే గ్యాసు వాసన వచ్చుచున్నచో ఆ ప్రయత్నము తక్షణము మానవలెను. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. నేలబారున పరచుకొని మూలల నిలిచిపోవును. రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, విద్యుత్ స్విచ్చులను వేయక, ఆర్పక, వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను. కారుట ఎచ్చటనో తెలిసికొనుటకు సబ్బునురుగు పూయవలెనే గాని అగ్గిపుల్ల గీయరాదు. రబ్బరు గొట్టమును ఐదేండ్ల కొకసారి, పగుళ్ళు కనబడినచో అంతకు ముందే, మార్చవలెను.

వెలిగిన మంట వెంటనే ఆరుచున్నచో లోహపు పుల్లకు మసి పట్టియుండవచ్చును. ఇది మెకానిక్కు పని. చాల గీజరులు సుమారు ఇరువది నిమిషములకు వాటంతట అవే ఆరిపోవును. అది చెడుగు కాదు, రక్షణకై చేసిన ఏర్పాటు. ఆరినదానిని మూసిన గదిలో మరల వెలిగించుకొనువారు ఆ రక్షణను తమ చేతులతోనే తీసివేయుచున్నారు.

నీరు మునుపటివలె కాగకపోవుటకు బోరునీరు ముఖ్యకారణము. అందలి సున్నపు పదార్థము గొట్టము లోపల గట్టిగా పేరుకొని వేడిని నీటికి చేరనీయదు. నిమ్మ ఉప్పు ద్రావణముతో మెకానిక్కు దానిని కరగించి తీయగలడు. చలి దినములలో సిలిండరు చల్లబడి గ్యాసు మందముగా వచ్చుట మరియొక కారణము. అందులకై సిలిండరుపై వేడినీళ్ళు పోయుట, దానికి సెగ తగిలించుట ప్రాణాంతకము.

ఇంతవరకు చెప్పినవన్నియు వేడినీళ్ళు రానీయని చెడుగులు. వాటివలన కలుగునది ఇబ్బంది మాత్రమే. వేడినీళ్ళు చక్కగా వచ్చుచుండగనే జరుగు చెడుగు మరియొకటి కలదు. దానికై మెకానిక్కును పిలువవలెనని ఎవరికిని తోచదు.

ఒక కిలో గ్యాసు పూర్తిగా మండుటకు సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావలెను. నిమిషమునకు ఆరు లీటర్ల నీటిని కాచు గీజరు గంటకు దాదాపు కిలో గ్యాసును ఖర్చుచేయును. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు గల స్నానపుగదిలో పట్టు గాలి ఏడు ఘనపు మీటర్లకు లోపే. పావుగంటలో ఆ మంటకు మూడు ఘనపు మీటర్లు కావలసి వచ్చును. లోపలనున్న మనిషియు ఆ గాలినే పీల్చవలెను! గాలి చాలినపుడు నీలిమంట మండి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి పుట్టును. చాలనపుడు మంట పసుపుపచ్చనగును, మసి పట్టును, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని ఎర్రని పదార్థమునకు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకొని, శరీరమునకు ప్రాణవాయువును అందనీయదు. మొదట తలనొప్పి, కన్నులు తిరుగుట, వికారము కలుగును. పిదప కాళ్ళు చచ్చుబడును. అపాయమును గ్రహించునప్పటికి గడియ తీయుటకు చేయి లేవదు.

పటాన్‌చెరు సమీపమున ఒక అద్దె ఇంట స్నానపుగది వెంటిలేటరునకు అట్టపెట్టె ముక్క అడ్డుపెట్టియుండుట చూచి కారణ మడిగితిని. “దోమలొస్తున్నయి, పిల్లలకు చలిగాలి గొడ్తున్నది సారూ, అందుకే మూసినం” అని ఆ ఇల్లాలు చెప్పినది. ఆమె మాటలో తప్పేమియు లేదు. ఆ కన్నమే గీజరు ఊపిరియని ఆమెకు ఎవరును చెప్పలేదు. దోమలకు ఇనుప వల కట్టవచ్చును గాని కన్నమును మూయరాదు.

గీజరును స్నానపుగది వెలుపల, వసారా గోడకో, గాలి ఆడు పెరటి గోడకో బిగించి నీటిగొట్టమును మాత్రము లోనికి తెచ్చుట ఉత్తమము. అద్దెకున్నవాడు గోడలు పగులగొట్టలేడు గనుక ఈ బాధ్యత ఇంటి యజమానిదని నా అభిప్రాయము. అది కుదరనిచోట మన బకెట్టు స్నానమే మనలను కాపాడును. తలుపు తెరచియుంచి నీళ్ళు పట్టవలెను. ఇరువది లీటర్ల బకెట్టు నాలుగు నిమిషములలోపే నిండును. గీజరు ఆర్పి, కొంతసేపు గాలి ఆడనిచ్చి, అటుపై తలుపు వేసికొని స్నానము చేయవలెను. వరుసగా నలుగురు స్నానము చేయు ఇంట చివరివానికి ముప్పు అధికము. మొదటివారు మిగిల్చిన గాలియే అతనికి దక్కును.

లోపలివారు పిలిచినను పలుకనియెడల జాగు చేయక తలుపు పగులగొట్టవలెను. గ్యాసు కట్టివేసి, తాము అచ్చట నిలువక, పడియున్నవారిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చేయవలెను. ఆసుపత్రిలో గీజరు వెలుగుచుండెనన్న సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. చెప్పనిచో మూర్ఛయనియో, గుండెజబ్బనియో పొరబడి, వెంటనే ఈయవలసిన ప్రాణవాయువు ఆలస్యము కావచ్చును.