ఆంగ్లనాటకమున కరుణాభాసము – హాస్యము

పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల రంగస్థలముపై రెండు మార్గములు పరస్పరము స్పర్ధించినవి. ఒకటి ‘సెంటిమెంటల్ కామెడీ’, అనగా ఆర్ద్రభావప్రధానమైన సుఖాంతనాటకము. రెండవది దానిని నిరసించి హాస్యమును పునఃప్రతిష్ఠింప బూనిన నాటకము. ఈ వివాదము నవ్వవలెనా, కన్నీరు విడువవలెనా యన్నంత మాత్రము కాదు. నోట పలికిన సుగుణము నిజముగా సుగుణమగునా యనునదియే ఇందలి ప్రధానాంశము.

1660 తరువాతి ఆంగ్లనాటకములు విటుల వాక్చాతుర్యమును శ్లాఘించుచుండెను. 1698లో జెరెమీ కోలియర్ అను క్రైస్తవ మతాచార్యుడు వాని అవినీతిని ఖండించుచు గ్రంథము వెలువరించెను. అంతకు రెండేండ్లకు పూర్వమే కోలీ సిబ్బర్ ‘లవ్స్ లాస్ట్ షిఫ్ట్’ నాటకమున, భార్యను విడిచి తిరిగిన భర్తను తుదియంకమున పశ్చాత్తప్తుని గావించెను. రిచర్డ్ స్టీల్ రచించిన ‘ది కాన్షస్ లవర్స్’ (1722) ఈ మార్గమునకు లక్ష్యప్రాయమైనది. అందలి నాయకుడైన బెవిల్, మిత్రుడు ద్వంద్వయుద్ధమునకు పిలువగా క్షణకాలము చలించియు, కోపమును నిగ్రహించుకొని కలహమును శమింపజేయును. అనాథయని తలపబడిన ఇండియానాకు తుదకు తండ్రి లభించును. నవ్వుకంటె సూక్ష్మతరమైన ఆనందమును కలిగించుటయే స్టీల్ ఉద్దేశము.

ఇచట ఆలంకారికుల విచారము ఉపకరించును. కరుణమునకు ఇష్టనాశాదులు విభావములు. ఈ నాటకములందు నశించినది ఏదియు లేదు. పోయినదంతయు ఐదవ యంకమున తిరిగి లభించును. కావున శోకము స్థాయిగా నిలువజాలక కరుణాభాసమే మిగులును. ప్రేక్షకుడు తన కన్నీటిని జూచి తన సహృదయతను తానే మెచ్చుకొనును. అనౌచిత్యమే హాస్యవిభావత్వమునకు మూలమనియు, కరుణాద్యాభాసములు సైతము హాస్యముగా పరిణమించుననియు అభినవగుప్తపాదుల వివరణము. ఈ సిద్ధాంతము నెరుగకయే ఆంగ్లకవు లిరువురు దీనిని ప్రయోగమున నిరూపించిరి.

వారిలో మొదటివాడు ఆలివర్ గోల్డ్‌స్మిత్. వీరేశలింగకవి ‘రాజశేఖర చరిత్రము’నకు ప్రేరకమైన ఆంగ్లనవల ఇతనిదే. 1768లో ఇతని ‘ది గుడ్ నేచర్డ్ మ్యాన్’ నాటకమున, ఋణగ్రస్తుని నిర్బంధింప వచ్చిన భటుల ఘట్టమును ప్రేక్షకులు గ్రామ్యమని ఈసడింపగా అది తొలగింపబడెను. 1773లో అతడు వ్యాసము వ్రాసి, మానవుల లోపములను జూపవలసిన నాటకము గుణములనే ప్రదర్శించుచున్నదనియు, మంచి మనస్సను మిషతో దోషములకు సైతము మెప్పు లభించుచున్నదనియు ఆక్షేపించెను. ఆ యేటి మార్చి 15న ప్రదర్శితమైన ‘షీ స్టూప్స్ టు కాంకర్’ ఆ వాదమునకు ఉదాహరణము. అందు మార్లో కులీనకన్య యెదుట తల యెత్తలేక నీతివాక్యములు తడబడుచు పలుకును. ఆమెయే పరిచారికవలె కనబడినంతనే ప్రగల్భుడగును.

రెండవవాడు రిచర్డ్ షెరిడన్. అతని ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’ (1777)లో జోసెఫ్ నోట సూక్తులు, మనస్సున కౌటిల్యము. అడ్డుతెర పడిపోగానే దాని వెనుక దాగిన పరభార్య బయల్పడును, అతని ధర్మాభాసము హాస్యాస్పదమగును. తమ్ముడైన చార్లెస్ సూక్తులు పలుకడు. అప్పులపాలై పూర్వుల చిత్రపటముల నెల్ల విక్రయించియు, ఉపకారియైన పితృవ్యుని పటమును మాత్రము ఎంత ధనమిచ్చినను ఈయడు.

చార్లెస్ సౌజన్యము సైతము ఆర్ద్రభావమే. కావున ఈ కవులు మనోమార్దవమును బహిష్కరింపలేదు. హాస్యమును అంగిగా నిలిపి, దానిని అంగముగా నుంచిరి. సుగుణమును వాక్కున గాక క్రియయందు పరీక్షించిరి.